తెల్ల గ్లౌజులతో పెద్దవల

మా పేటలో మొదట ఇంజను పడవ దింపినవాణ్ణి నేను. శ్రీకూర్మం దగ్గర, సముద్రం ఒడ్డునే ఉంటుంది మా పేట. అక్కడికి కరెంటు స్తంభాలు వేయమని కలెక్టరాఫీసు మెట్లెక్కిన గుంపులో ముందు నడిచిందీ నేనే. గుజరాత్‌లోని వేరావల్ రేవులో తండేలుగా చేశాను. పడవకి పెద్దని మేము తండేలంటాం. గాలివానలో అందరూ ఆశ వదులుకున్న పడవని, అందులో ఒక్క మనిషికి గీత కూడా పడకుండా ఒడ్డుకి చేర్చాను. చదివింది ఊరి బళ్ళో అయిదో తరగతి దాకానే. అయినా మా మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడిగా చేసి, మైకు ముందు కాగితం చూడకుండా మాట్లాడాను. మైలపిల్లి లక్ష్ముడు ఎవరని మా తీరంలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పలేదంటే వాళ్ళు మా తీరం వాళ్ళు కారన్నమాట.

ఇన్ని చేసినవాణ్ణి, మొన్న విజయనగరంలో చేతులకి తెల్ల గ్లౌజులు తొడుక్కుని, ఒక ఆఫీసు వరండాలో ఆఫీసర్లని వలలా లాగాను. నా ఘనతలన్నిటికంటే దాన్నే పైన పెడతాను. కానీ నిజం చెప్పుకోవాలంటే ఆ ఘనత నాది కాదు, నా మనవరాలు హేమది. ఆ పిల్ల కథే ఇది.

హేమ మా పెద్దోడి కూతురు. పెద్దోడు ఏడాదిలో ఎక్కువ నెలలు వేరావల్ పడవల మీదే ఉంటాడు. కోడలు తెల్లారకుండానే శ్రీకాకుళం బజారుకి చేపల గంప పట్టుకెళ్తుంది. అందుచేత పిల్ల పెరిగిందంతా నా దగ్గరా, నా ఇల్లాలు మరిడమ్మ దగ్గరా. పడవ ఒడ్డెక్కగానే తక్కిన పిల్లలు పీతల వెంట పరిగెత్తితే, ఇది చేపల కుప్ప ముందు గొంతుక్కూర్చునేది. నెత్తళ్ళొక పక్క, కవళ్ళొక పక్క, రొయ్యలొక పక్క వేరు చేసేది. అక్కడితో ఊరుకోదు. అట్టముక్కల మీద పేర్లు రాసి, పుల్లలకి గుచ్చి, ఒక్కో కుప్పలో ఒక్కోటి పాతేది. వేలంపాటకి వచ్చిన బేరగాళ్ళు పడీపడీ నవ్వేవారు.

"ఇదేటి లక్ష్ముడు మావా, సేపలకి పేరుపలకలెట్టించినావు? రేపట్నించి బడికెల్తాయేటి?"

నవ్వినా, మా కుప్పల దగ్గరికే ముందు వచ్చేవారు. ఏరుకునే పని తప్పుతుంది కదా.

ఒకసారి మా వాళ్ళింట్లో పెళ్ళి జరుగుతుంటే, పందిరి బయట చుట్టాలు విడిచిన చెప్పులన్నీ ఈ పిల్ల కొలతల ప్రకారం పేర్చేసింది. చిన్నవి ముందు, పెద్దవి వెనక, తోలువి ఒక వరస, రబ్బరువి ఒక వరస. భోజనాలయ్యాక మగపెళ్ళివారు ఎవరికి వారు తాము విడిచిన చోట వెతుక్కుని, అక్కడ లేకపోయేసరికి ఒకటే గోల. పెళ్ళికొడుకు మేనమామ ఒక కాలికి తనదీ, ఒక కాలికి పురోహితుడిదీ తొడుక్కుని బస్సెక్కేశాడు. ఆ పురోహితుడు ఇప్పటికీ మా పేటకి వస్తే చెప్పులు చంకలో పెట్టుకునే కూర్చుంటాడు.

మరిడమ్మ వంటింట్లో డబ్బాలకి కూడా కాగితాలు అంటించింది. ఇది మెంతులు, ఇది జీలకర్ర, ఇది ఆవాలు అని. మరిడమ్మకి అక్షరం ముక్క రాదు.

"నాకు సదువు రాదు గదే గుంటా, ఈ కాయితాలెవులికి?" అంది.

"నీకు కాదు నానమ్మా, నీ ఎనకొచ్చినోళ్ళకి" అంది హేమ.

"నా ఎనకెవులొస్తారే? నన్నప్పుడే పంపించెత్తన్నావేటి?" అని మరిడమ్మ గరిటె పట్టుకుని వెంటపడింది. ఆ గుణమే తనని ఎక్కడికో తీసుకెళ్తుందని మాకు అప్పుడు తెలీదు.

శ్రీకూర్మంలో బడి చదువు, శ్రీకాకుళంలో డిగ్రీ. ఆ తర్వాత విశాఖపట్నంలో లైబ్రరీ సైన్సు. మా పేట నుంచి నల్ల గౌను వేసుకుని పట్టా పుచ్చుకున్న మొదటి పిల్ల హేమ. ఆ గౌను కాసేపు నేనూ వేసుకుని ఫొటో దిగాను. మా ఇంట్లో గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి "మీరూ పట్టభద్రులా?" అని అడుగుతారు. నేను అవుననను, కాదనను.

పట్టా అయితే వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. హేమకి పుస్తకాలిచ్చి పుచ్చుకునే ఉద్యోగం మీద మనసు లేదు. పాత రాతలు, పాత ఫొటోలు, పాత పాటలు చెడిపోకుండా దాచిపెట్టే చోట పని చెయ్యాలని దాని కోరిక. అలాంటి చోటికి ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిసారీ మొహం వేలాడేసుకుని వచ్చేది.

"అనుభవం ఉందా అనడుగుతన్నారు తాతా."

"ఉజ్జోగమిస్తే అదే వస్తాది కదా అని సెప్పలేకపోయావా?"

"అదే సెప్పాను."

"ఏటన్నారు?"

"ముందు అనుభవం తెమ్మన్నారు."

"పడవెక్కనియ్యకుండా తండేలు పని నేర్సుకొమ్మంటారేటే?" అని నేను కండువా దులుపుకుని బయల్దేరబోయాను. సంఘం అధ్యక్షుడిగా చేసినవాణ్ణి, ఎవరితోనైనా మాట్లాడగలను. హేమ నా కండువా పట్టుకు ఆపింది. విజయనగరంలో ఒక ట్రస్టువాళ్ళు పాత మేడలో భాండారం నడుపుతున్నారట. తాటాకు గ్రంథాలు, నాటకాల కరపత్రాలు, గాజుపలకల ఫొటోలు, జనం పాటల రికార్డింగులు అన్నీ అక్కడ భద్రంగా ఉంటాయట. జీతం ఉండదు. వాలంటీరుగా చేరి పని నేర్చుకుంటే అనుభవం ఉందని కాగితమిస్తారట.

మరిడమ్మ బుగ్గ మీద వేలేసుకుంది. "జీతం నేకుండా పన్జెయ్యడానికి ఇజీనారం దాకా ఎల్లాలేటే? మనింట్ల నేదేటి పని?"

అయినా హేమ వెళ్ళింది. ఆమదాలవలస స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, చీపురుపల్లి మీదుగా విజయనగరం. సాయంత్రం మళ్ళీ అదే దారి. దారి ఖర్చులకి రైల్లోనే పక్క సీటు పిల్లలకి లెక్కలు చెప్పేది. అక్కడ ఏం చేస్తావంటే, మెత్తటి కుంచెతో తాటాకుల మీద దుమ్ము దులుపుతానంది. చేతికి తెల్ల గ్లౌజులు తొడుక్కోవాలట, ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలాలట. నేను మాత్రం శ్రీకూర్మం సంతలో అందరికీ "మా మనవరాలు ఇజీనారంలో తాటాకులకి డాక్టరు" అని చెప్పాను. అందులో అబద్ధమేముంది? ముట్టుకుని చూస్తుంది, జబ్బేమిటో రాస్తుంది, కట్టు కడుతుంది.

ఆ వైద్యం ఇంటికీ తెచ్చింది. నా ఫొటో నేను తీసి చూసుకోవాలన్నా చేతులు కడుక్కోమనేది.

ఇలా ఉండగా విశాఖపట్నం నుంచి ఒక ప్రకటన పడింది. హేమ కలగన్న ఉద్యోగమే. దరఖాస్తుకి గడువు దగ్గర్లోనే ఉంది, అనుభవం కాగితం జతచెయ్యాల్సిందే. హేమ భాండారం అధికారి జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన కళ్ళజోడు, సఫారీ చొక్కా, చక్కటి మనిషి. కానీ నియమమంటే నియమమే.

"చూడమ్మా హేమా, దుమ్ము దులిపినవాళ్ళందరికీ సర్టిఫికెట్ ఇవ్వాలంటే మా చీపురుకి కూడా ఇవ్వాలి" అన్నాడట ఆయన. "ఒక్క సేకరణ, చిన్నదైనా ఫరవాలేదు, నువ్వే వెతికి, నువ్వే తెచ్చి, నువ్వే వివరం రాసి మొదటి నుంచి చివరి దాకా చెయ్యి. ఆ రోజే సంతకం పెడతాను."

హేమ ఆలోచించుకుని మా పెద్దవల పాట తెస్తానని మాటిచ్చి వచ్చింది.

పెద్దవలంటే ఒడ్డున నిలబడి లాగే వల. పడవ మీద వెళ్ళి సముద్రంలో చుట్టూ వల వేసి వస్తారు. దాని రెండు కొసల మోకులూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. ఒకడు పాట ఎత్తుతాడు, తక్కినవాళ్ళు అందుకుంటారు. పాటతోపాటే వల వస్తుంది. ఇప్పటి కుర్రాళ్ళు సెల్లులో పాటలు పెట్టుకుని లాగుతున్నారు. మా పాత పాట పూర్తిగా వచ్చినవాడు మా పేటలో ఒక్కడే ఉన్నాడు. వాడు మరిడమ్మ అన్న పోతురాజు. నాకు బావ. నేను తండేలు, వాడు పాటగాడు. మా ఇద్దరికీ పడదు, ఇద్దరం లేకుండా వలా పడదు.

హేమ ముందు ఒడ్డునే ఫోనులో రికార్డు చేసి పట్టుకెళ్ళింది. జగన్నాధం గారు చెవులకి పెట్టుకుని చివరి దాకా విన్నాడట.

"హేమా, ఇందులో బంగాళాఖాతం చాలా బాగా పాడింది. మనుషులెక్కడ?" అన్నాడట.

ఒడ్డున గాలీ అలలూ పాటని మింగేశాయి. ఇక మిగిలిన దారి ఒకటే. పాటగాళ్ళనే విజయనగరం తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టి పాడించడం. గడువు ముంచుకొస్తోంది. ఆ పాట పూర్తిగా రికార్డయితేనే సేకరణ, సేకరణ అయితేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే దరఖాస్తు. హేమకి ఆ పూట అన్నం సహించలేదు.

"నువ్వు తిను. పాట నేను పాడించి పెడతాను" అన్నాను. లక్ష్ముడు మాట ఇచ్చాక తిరుగులేదు.

మర్నాడు మా పాత జట్టంతా ప్యాసింజరెక్కాం. పోతురాజు, సూరయ్య, తక్కిన జట్టువాళ్ళు, నేను, మరిడమ్మ. హేమ ఏర్పాట్లు చూడ్డానికి ముందు బండికే వెళ్ళిపోయింది. నేను సంఘం కండువా వేసుకున్నాను. అంత పెద్ద చోటికి ఖాళీ చేతులతో వెళ్తే ఏం మర్యాద? మరిడమ్మ ఎండు నెత్తళ్ళు ఒక సంచి నిండా తెచ్చింది. నేను అంతకంటే గొప్పది తెచ్చాను. మా నాన్న కాలం నాటి కొబ్బరిపీచు పెద్దవల మోకు. నైలాను తాళ్ళు వచ్చాక అటక మీద పడుంది. పరాయి చోటికి వెళ్తున్న వస్తువు కదా అని మంచి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాను.

భాండారం గుమ్మంలో హేమ మోకుని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "తాతా! పసుపు పూసీసినావేటి!"

"అత్తారింటికి ఎల్తన్నాది కదే మరి!"

తర్వాత ముక్కు ఎగబీల్చి నానమ్మ వైపు తిరిగింది. "నానమ్మా, ఆ సంచి లోపలికి రాకూడదు. ఎండుసేప వాసనకి పురుగులొస్తాయి, పిల్లులొస్తాయి. లోపల తాటాకులున్నాయి."

"మీ ఆఫీసరుగారికేనే తెచ్చాను!"

"అయినా కూడదు."

సంచి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ కింద పెట్టించింది. మరిడమ్మ లోపలికి నడుస్తూ కూడా వెనక్కి తిరిగి వాచ్‌మన్‌ని రెండుసార్లు హెచ్చరించింది.

జగన్నాధం గారు మోకుని రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు కూడా. దాన్ని తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టించాడు. హేమ కొలిచింది, ఫొటో తీసింది, అక్కడక్కడ పసుపు గుర్తులు ఉన్నాయని రాసింది, ఒక నంబరు కట్టింది. మా నాన్న మోకుకి నంబరు! పోతురాజు నా చెవిలో "నీకంటే ముందు నీ తాడు గొప్పదైపోనాది బావా" అన్నాడు. వాడికి ఈర్ష్య.

రికార్డింగు గది చల్లగా, నిశ్శబ్దంగా, గోడలకి మెత్తటి స్పాంజి అతికించి ఉంది. చక్రాల కుర్చీలేశారు. సూరయ్య కూర్చోగానే కుర్చీ వెనక్కి జారి గోడకి తగిలింది. వాడికది నచ్చి మళ్ళీ ముందుకొచ్చి మళ్ళీ జారాడు. రికార్డింగు చేసే కుర్రాడు ఉమాశంకర్ చెవులకి డిప్పలు పెట్టుకుని ఎర్ర లైటు వెలిగించి, ఇక పాడండని చెయ్యి ఊపాడు.

పోతురాజు నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. మళ్ళీ తెరిచాడు.

"తూరుపు దిక్కున... ఎలుగొచ్చిందో..."

బళ్ళో హాజరు పిలిచినట్టుంది. మేమంతా "ఏలేలో" అన్నాం. హాజరు పలికినట్టే ఉంది. రెండో మాట దగ్గర పోతురాజు చరణం మర్చిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పాడుతున్న పాట! చీపురుపల్లి స్టేషన్లో టీ అమ్మేవాడి కేకలో ఇంతకంటే ఎక్కువ రాగముంది. మళ్ళీ మొదలెట్టాం, మళ్ళీ ఆగిపోయాం. ఉమాశంకర్ మర్యాదగా లైటు ఆర్పుతున్నాడు, వెలిగిస్తున్నాడు. హేమ అద్దం అవతల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఏటిరా బావా, నా పరువు తీస్తన్నావు?" అన్నాను.

"నా సేతుల్లో ఏటీ నేదు బావా!" అని పోతురాజు రెండు చేతులూ చాపి చూపించాడు. "సేతులు ఖాళీగుంటే గొంతెలా నెగుస్తాది? కూకోబెట్టి లాగుడు పాట పాడమంటే అదేటి, లాలిపాటా?"

హేమ గోళ్ళు కొరుక్కోవడం ఆపింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "నెగండి తాతా. అందరూ నెగండి. మోకు పట్టుకుని పాడండి." అంటూనే నాలుక కరుచుకుంది. మోకుకి నంబరు కట్టేసింది కదా. అది ఇప్పుడు భాండారం వస్తువు.

"నా తాడేనే!" అన్నాను.

"నీది కాదు తాతా. ఇచ్చీసినావు."

నా మోకు నాకివ్వడానికి హేమ కాగితం రాసింది. జగన్నాధం గారు సంతకం పెట్టాడు. అక్కడితో అవలేదు. భాండారం వస్తువుని ఒట్టి చేతుల్తో పట్టుకోకూడదంటూ తెల్ల గ్లౌజుల పెట్టె తెచ్చింది. మా జట్టువాళ్ళ వేళ్ళు తెడ్లు పట్టి కాయలు కాసిన వేళ్ళు. పోతురాజు బొటనవేలు ఒక్కటీ దూరాక చెయ్యెత్తి చూసుకున్నాడు.

"ఇయ్యేటే, సంటిపిల్లల మేజోళ్ళా?"

ఎలాగో ఎక్కించుకున్నాం. పెళ్ళిలో బ్యాండుమేళం వాళ్ళలా తయారయ్యాం. మేడ వెనక పొడుగాటి వరండా ఉంది. ఉమాశంకర్ మైకు వైరు అక్కడి దాకా లాగాడు. మోకు కొస స్తంభానికి కట్టి, జట్టంతా బారులు తీరి పట్టుకున్నాం. మోకు చేతిలో పడగానే పోతురాజు మెడ నిటారైంది.

"తూరుపు దిక్కున ఎలుగొచ్చిందో!"

"ఏలేలో!"

వరండా కప్పు మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. హేమ మొహం విప్పారింది. పోతురాజు అదే మాట మళ్ళీ పాడాడు. మేము మళ్ళీ లాగాం. మళ్ళీ అదే. మళ్ళీ అదే. ఉమాశంకర్ ఒక చెవి డిప్ప తీసి, "సార్, ఈయన మొదటి లైను దగ్గరే ఉండిపోయారు" అన్నాడు.

"ముందుకెల్లవేటి పెదతాతా?" అని హేమ అరిచింది.

"తాడొస్తేగా పాటొచ్చేది!" అని పోతురాజు తిరిగి అరిచాడు. "బారెడు మోకు సేతికందినాకే రెండో సరణం. రాని వలకి పాట పాడితే గంగమ్మ నవ్వుతాది!"

నిజమే. స్తంభం వస్తుందా? మా పాటలో మాట వెనక మాట లేదు, మోకు వెనకే మాట ఉంది. అవతల ఏదో బరువుగా ఉండాలి, కానీ కొంచెం కొంచెంగా రావాలి. వల అలాగే వస్తుంది.

హేమ ఒక్క క్షణం స్తంభాన్ని చూసింది. తర్వాత జగన్నాధం గారిని పైనుంచి కింద దాకా చూసింది. ఆయన మంచి పుష్టిగల మనిషి.

"సార్," అంది, "మీరు వలవుతారా?"

"ఏమవుతాను?"

"వల సార్. ఆ కొస మీరు పట్టుకోవాలి. బిగబట్టి ఉండాలి, పాట వచ్చినప్పుడల్లా కొంచెం రావాలి. గట్టిగా ఆపకూడదు, ఊరికే వచ్చేయకూడదు."

జగన్నాధం గారు కళ్ళజోడు సర్దుకున్నాడు. చెప్పులు విడిచాడు. "నాకూ ఒక జత గ్లౌజులియ్యి" అన్నాడు. ఆఫీసు గుమాస్తాలిద్దరు వచ్చారు. చదువుకునే గదిలోంచి ఎవరో రిటైర్డు లెక్చరరుగారు పుస్తకంలో వేలు పెట్టుకునే వచ్చి, వేలు తీసి, మోకు పట్టుకున్నాడు. మేము ఇటు, వాళ్ళు అటు.

ఇంక చూడాలి!

"తూరుపు దిక్కున ఎలుగొచ్చిందో!" ఏలేలో! వల ఒక అడుగు వచ్చింది. "తొలిసుక్క సాటున వలపడ్డాదో!" ఏలేలో! వల రెండడుగులు వచ్చింది. చరణం వెనక చరణం, ఎప్పుడో మర్చిపోయామనుకున్నవి కూడా, మోకుతోపాటు చేతుల్లోకి వచ్చేస్తున్నాయి. మోకాళ్ళ నొప్పుల సూరయ్య చిందులేస్తున్నాడు. ఉమాశంకర్ మైకు పట్టుకుని మా పక్కనే వెనక్కి పరిగెడుతున్నాడు. మరిడమ్మ వరండా చివర నిలబడి "లాగండ్రా, లాగండ్రా!" అని కేకలేస్తోంది.

పెద్దవల పాటలో ఒక ఆచారముంది. లాగుడులో ఎవడు తేలిపోయాడో వాణ్ణి పాటగాడు పాటలోనే ఆట పట్టిస్తాడు. ఆ రోజు పోతురాజు ఎవరినీ వదల్లేదు.

"కళ్ళజోడు బావకి కాల్నిలవదో!"

"ఏలేలో!"

"పుస్తకాల పంతులికి పంచె జారిందో!"

"ఏలేలో!"

లెక్చరరుగారు కంగారుగా నడుం తడుముకున్నాడు. ఆయన వేసుకున్నది ప్యాంటు. జగన్నాధం గారు నవ్వు ఆపుకోలేక పట్టు వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు, బిగబట్టి వెనక్కి వాలాడు. ఇటు మేమూ వాలాం.

మా నాన్న మోకు ఫట్‌మని తెగిపోయింది.

జగన్నాధం గారు గుమాస్తాల మీద, గుమాస్తాలు లెక్చరరుగారి మీద. ఇటు పోతురాజు నా మీద, నేను సూరయ్య మీద. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, తర్వాత నవ్వని మనిషి లేడు. నా మీద పడుకునే పోతురాజు "ఓలమ్మ, ఓలమ్మ" అని గిలగిలలాడాడు.

హేమ మాత్రం నవ్వలేదు. "పాట పూర్తయిందా?" అంది.

అందరం గతుక్కుమన్నాం. పూర్తి కాలేదు. ఆఖరి చరణం ఒకటుంది. వల సంచి ఒడ్డెక్కి, చేప కళ్ళబడితేనే అది పాడాలి. చేప లేకుండా పాడటం మాకు లేదు.

"మనూళ్ళో ఉన్నాయి సేపలు. ఇక్కడెలాగే?" అన్నాడు పోతురాజు.

ఆ మాట పూర్తవకముందే మరిడమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గేటు వైపు పరుగందుకుంది. వాచ్‌మన్ కుర్చీ కింద సంచి లాక్కుని, అంతే జోరుగా వచ్చింది.

"గడప దాటకు నానమ్మా! మెట్టు మీదే!" అని హేమ చేతులు చాపి అరిచింది.

మరిడమ్మ వరండా కింది మెట్టు మీద ఎండు నెత్తళ్ళు ధారగా గుమ్మరించింది. ఎండలో అవి తళతళలాడాయి. మేము పడ్డచోటి నుంచి లేవకుండానే, తెగిన ముక్క పట్టుకునే, పోతురాజు ఎత్తాడు.

"వచ్చినాదొచ్చినాది గంగమ్మ సల్లగా!"

"ఏలేలో!"

"వాకిట్ల రాల్సింది ఎండి పువ్వులు!"

అటు పక్క కింద పడున్న జగన్నాధం గారు కూడా "ఏలేలో" అన్నాడు. మా అందరికంటే ఆయన గొంతే పెద్దగా వినిపించింది. ఉమాశంకర్ మైకు దించి, బొటనవేలు ఎత్తి చూపించాడు. పాట పూర్తిగా పడింది.

కానీ హేమ తెగిన మోకు కొసలు రెండూ చేతుల్లో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. తాను నంబరు కట్టిన వస్తువు, తాను చెప్పి బయటికి తీయించిన వస్తువు, ఆ పూటే తెగిపోయింది. నేను పక్కన కూర్చుని మెల్లగా అన్నాను.

"ఏడవకే గుంటా. పురి విప్పి పురిలో కలిపీసి అల్లీనంటే ఎక్కడ తెగిందో బెమ్మదేవుడికి కూడా తెలవదు. వలలు అల్లిన సెయ్యే ఇది."

"తెలుసు తాతా. నీ ముడి ఎవరికీ కనబడదు."

"మరైతే?"

"కనబడాలి తాతా."

లేచి వెళ్ళి కాగితం తీసింది. వస్తువు దెబ్బతింటే ఎలా దెబ్బతిందో రాసిపెట్టడం అక్కడి పద్ధతట. ఇలా తెగింది, నా బాధ్యత అని రాస్తే సంతకం మాటేమవుతుందో నాకు భయమేసింది. ఒడ్డుకి చేరిన వలని మళ్ళీ నీళ్ళలోకి తోసినట్టుంది. అయినా ఆ పిల్ల రాసింది. కాగితం తీసుకుని జగన్నాధం గారి గదిలోకి వెళ్ళింది. మేము తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డాం. పోతురాజు నా భుజం మీంచి తల పెట్టాడు.

జగన్నాధం గారు మోచేతికి మందు రాసుకుంటూ పైకే చదివాడు. "దెబ్బతిన్న తీరు: మధ్యలో తెగింది. కారణం: లాగడం. బాధ్యురాలు: మైలపిల్లి హేమ, వాలంటీరు." చదివి, కళ్ళజోడులోంచి పైకి చూశాడు.

"ఇది తప్పు" అన్నాడు.

హేమ మొహం తెల్లబోయింది. నేను కండువా సర్దుకున్నాను, మాట్లాడదామని.

"ఒక పేరు వదిలేశావు" అని ఆయనే కలం తీసి హేమ పేరు కింద రాశాడు. మర్నాటికి మా పేటంతా చెప్పుకున్న మాట అదే. ఏం రాశాడంటే, "జగన్నాధం, వల."

రాసి, ఇంకో కాగితం మిషను మీద కొట్టించాడు. మైలపిల్లి హేమ అనే వాలంటీరు ఒక సేకరణని వెతికి, తెచ్చి, రికార్డు చేయించి, వివరం రాసి, వస్తువు దెబ్బతింటే ఉన్నదున్నట్టు నమోదు చేసిందని, ఈ పనులన్నిటిలో ఆమెకి అనుభవం ఉందని. కింద సంతకం, ముద్ర. నెత్తళ్ళు మాత్రం ఆయన ఇంటికి పట్టుకెళ్ళాడు. గేటు అవతలి నుంచే.

తిరుగు బండిలో మా వాళ్ళ గోల ఇంతా అంతా కాదు. పోతురాజు టీ అమ్మేవాడి మీద కూడా పాట కట్టేశాడు. చీపురుపల్లి దాటాక, సర్టిఫికెట్ చూపించమని అందరూ చేతులు చాపారు. హేమ దాన్ని గుండెకి హత్తుకుని, చాచిన చేతుల వంక చూసింది. ఒక చేతికి పసుపు, ఒక చేతికి వేరుశనక్కాయల పొట్టు, అన్నిటికీ నెత్తళ్ళ వాసన.

"ఎవులూ ముట్టుకోకూడదు. గ్లౌజులుంటే ఇద్దును."

నేను జేబులో చెయ్యి పెట్టాను. తెల్ల గ్లౌజుల జత బయటికొచ్చింది. హడావుడిలో విప్పి జేబులో పెట్టేసుకున్నాను.

"తాతా! అవి భాండారానివి!"

"రేపు ఇచ్చీవే. ముందు కాయితం ఇలగియ్యి."

ఆ ఒక్క జత గ్లౌజులే వంతులవారీగా తొడుక్కుని, మా జట్టంతా ఆ సర్టిఫికెట్‌ని చేతుల్లో పెట్టుకుని చూసింది. చదవడం రానివాళ్ళు ముద్రని చూశారు. మరిడమ్మ వంతు వచ్చినప్పుడు కొంగుకి ముడేసిన కుంకుమ తీయబోయింది. హేమ ఒక్క గెంతున లాక్కుంది.

మర్నాడు మొదటి బండికి మళ్ళీ విజయనగరం వెళ్ళింది నా మనవరాలు. దారిలో ఆమదాలవలసలో దరఖాస్తు పోస్టు చేసి, ఆ జత గ్లౌజులు తిరిగి ఇచ్చి రావడానికి.